గేరుబాక్సు అరిగిందా? విప్పి చూశాకే అప్పు మాట

(రాచర్లలో జరిగిన మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంది ధర గురించి, వెలిగొండ నీళ్ల గురించి ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. మాకు అప్పజెప్పిన విషయం వాటి పక్కన చిన్నదిగా కనబడుతుంది. ట్రాక్టరు గేరుబాక్సు. రైతు సంఘం సభలో గేరుబాక్సు గోల ఏమిటని కొందరికి నవ్వు రావచ్చు. కానీ అప్పుల తగాదాలతో సంఘం దగ్గరికి వచ్చే రైతును కూర్చోబెట్టి, "ఏమయ్యా, ఈ అప్పు ఎక్కడ మొదలైంది?" అని అడగండి. ఒకరు బోరు అంటారు. ఒకరు కూతురి పెళ్లి అంటారు. ఆస్పత్రి అనేవాళ్లు ఉంటారు. ఆ తర్వాత వచ్చేది ట్రాక్టరు. ట్రాక్టరు అప్పు కథ విప్పితే చాలాసార్లు మాకు వినబడిన మాట ఒకటే: "పాత బండి గేరుబాక్సు పోయింది. బాగు చేయించడం దండగన్నారు. కొత్తది తీసుకున్నాం."

దండగ అన్నది ఎవరు? కొత్త బండి అమ్మేవాడు. లేదా అతని దగ్గర కమీషను తీసుకునేవాడు. బండి విప్పి చూసి చెప్పారా? లేదు. శబ్దం విని చెప్పారు. రోగిని ముట్టుకోకుండా గుమ్మం బయట నిలబడి ఆపరేషన్ చేయాలన్నట్టుంది ఇది. ఆ మాట నమ్మి పాసుపుస్తకం ఒకచోట, ఇంటావిడ మెడలోది ఒకచోట పెట్టి బండి తెచ్చుకున్నవాళ్లు ఈ సభలోనూ ఉన్నారు. పేర్లు చెప్పం. వాళ్లకు తెలుసు.

కాబట్టి ఈ రోజు మేము చెప్పేది ఇదొక్కటే. గేరుబాక్సు బాగు చేయించాలా, మార్చాలా, బండే మార్చాలా అన్న తీర్పు శబ్దం మీద ఇవ్వకూడదు, షోరూములో కూర్చుని అసలే ఇవ్వకూడదు. బాక్సు విప్పి, సామాను గుడ్డ మీద పరిచి, మన బండి ఏడాదికి ఎన్ని గంటలు తిరుగుతుందో లెక్క కట్టి, అప్పుడు ఇవ్వాలి.

మన ప్రాంతం సంగతి ముందు చూడండి. కృష్ణా డెల్టాలో నీళ్లందిన ఏడాది ట్రాక్టరు రెండు పంటల దమ్ము చేస్తుంది. మనకు ఆ వసతి లేదు. పూల సుబ్బయ్య వెలిగొండ సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు గానీ మన కాలువల్లో ఇంకా నీళ్లు పారలేదు. వాన పడితే దుక్కి, పడకపోతే బండి చెట్టుకింద. తొలకరికి కొన్ని రోజులు, కందికి కొన్ని రోజులు, శనగకూ పొగాకుకూ దుక్కులప్పుడు కొన్ని రోజులు, మధ్యలో ట్రాలీ బాడుగ. ఎర్రనేలల్లో, రాళ్ల చెలకల్లో రోటావేటరు వేస్తాం. కింద రాయి తగిలిన ప్రతి దెబ్బా పీటీవో షాఫ్టు మీదుగా గేరుబాక్సుకే చేరుతుంది. మోయాల్సిన దానికంటే ఎక్కువ మట్టి, రాయి ట్రాలీలో వేసి గట్టు ఎక్కిస్తాం. వాగులో నీళ్లుండగానే దించుతాం. అంటే మన బండ్లు తిరిగే గంటలు తక్కువ, తినే దెబ్బలు ఎక్కువ. డెల్టా రైతుకు సరిపోయే లెక్క మనకు సరిపోదు.

ఇంకో సంగతి. ఒకప్పుడు బండి ఆగితే మడక ఉండేది, ఎద్దులు ఉండేవి. ఇప్పుడు ఊరు మొత్తం వెతికినా రెండు జతలు దొరకవు. పదును ఆరిపోయేలోగా విత్తనం పడాలంటే ట్రాక్టరే దిక్కు. అందుకే సీజనులో బండి ఆగినప్పుడు రైతు బేరమాడే స్థితిలో ఉండడు. ఎదుటివాడు ఏం చెబితే దానికి తల ఊపుతాడు.

సరే, పనిలోకి వద్దాం.

గేరు పడడం లేదు, గరగరమంటోంది అనగానే గేరుబాక్సు పోయిందనుకోవద్దు. మేము చూసినంతలో అందులో చాలా భాగం క్లచ్చు తప్పే. పెడలు పూర్తిగా తొక్కినా క్లచ్చు పూర్తిగా విడవకపోతే లోపల షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది, గేరు ఎలా పడుతుంది? పెడలు ఫ్రీ ప్లే మాన్యువల్లో చెప్పినంత ఉందో లేదో ముందు చూడాలి. రాడ్డు సర్దితే అయిపోయే పనికి బండి మార్చుకున్న రైతు ఉన్నాడంటే మీరు నమ్మరు. ఇంకో అలవాటు, దుక్కి చేసేంతసేపూ ఎడమకాలు క్లచ్చు మీదే పెట్టి ఉంచడం. డ్రైవరుకు అది విశ్రాంతి, ప్లేటుకూ బేరింగుకూ అది చావు.

గేరు వేస్తే పడుతుంది, బరువు పడగానే జారి న్యూట్రల్‌కు వచ్చేస్తోందంటే రెండు కారణాలుంటాయి. గేరు రాడ్లను పట్టి ఉంచే చిన్న ఉక్కు గుండు, దాని వెనక స్ప్రింగు బలహీనపడి ఉండవచ్చు, ఫోర్కు అరిగి ఉండవచ్చు. చాలా మోడళ్లలో పైమూత తీస్తే ఇవి చేతికందుతాయి, బండి విడదీయనక్కర్లేదు. అది కాకపోతే లోపల గేరును పట్టుకునే కప్లర్ పళ్లు గుండ్రంగా అరిగి ఉంటాయి. అది పెద్ద పని. చిన్నది చూడకుండా పెద్దదానికి పోవద్దు.

శబ్దాన్ని కూడా వినడం నేర్చుకోవాలి. మన పశువు దగ్గు వింటే ఏ జబ్బో మనకు తెలియదా? ఇదీ అంతే. బండి నిలిపి, న్యూట్రల్‌లో పెట్టి, ఇంజను నడవనివ్వండి. క్లచ్చు తొక్కితేనే శబ్దం వస్తే రిలీజు బేరింగు. క్లచ్చు వదిలినప్పుడు వచ్చి, తొక్కితే ఆగిపోతే గేరుబాక్సు ముందు షాఫ్టు బేరింగుల వైపు అనుమానం. ఒక్క గేరులోనే వస్తే ఆ గేరు జతలో ఉంది. అన్ని గేర్లలోనూ బండి కదిలినప్పుడల్లా వస్తే వెనక క్రౌను, పినియను వైపు చూడాలి. మలుపులో మాత్రమే వస్తే డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు. మెకానిక్ కుర్రాడు కూడా ఇదే వరసలో వెతుకుతాడు. మీరు ముందే చెప్పగలిగితే అతను మిమ్మల్ని మాయ చేయలేడు.

ఆ తర్వాత ఆయిలు. డ్రెయిను బోల్టు విప్పి ఆయిలును శుభ్రమైన బేసినులో పట్టండి. అయస్కాంతం ఉన్న బోల్టయితే దానికి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంటుంది, వేలితో రుద్దితే మెత్తగా ఉంటే కంగారు లేదు. అది మామూలు అరుగుదల. పొరలు పొరలుగా ఇనుము, పంటి ముక్క, బేరింగు రేకు కనబడితే ఆ రోజే బండి ఆపాలి. మన వాడకంలో ఉన్న చాలా బండ్లలో గేరుబాక్సుకు, వెనక డిఫరెన్షియల్‌కు, హైడ్రాలిక్ లిఫ్టుకు ఆయిలు ఒకటే. గేరు పంటి పొడి హైడ్రాలిక్ పంపులోకి పోతే ఒక రోగం రెండవుతుంది. "ఈ సీజను లాగించేద్దాం" అన్నవాళ్లు లిఫ్టు కూడా బాగు చేయించుకున్నారు. ఆయిలు పాలలాగా తెల్లగా ఉంటే నీళ్లు కలిసినట్టు. వాగు దాటేటప్పుడు సీళ్ల నుంచి పోయి ఉంటుంది. గేర్లు బాగుండవచ్చు, ముందు సీలు, ఆయిలు మార్చి చూడండి.

ఇవన్నీ చూశాక కూడా తప్పు బాక్సులోనే ఉందని తేలిందనుకుందాం. ఇప్పుడు అసలు ప్రశ్న.

లారీకి చాసిస్ ఫ్రేము ఉంటుంది, దాని కింద గేరుబాక్సు వేలాడుతుంది, విప్పి దించుకోవచ్చు. మన ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి అలాంటి ఫ్రేము లేదు. ఇంజను, క్లచ్చు హౌసింగు, గేరుబాక్సు, వెనక యాక్సిలు ఒకదానికొకటి బోల్టులతో బిగిస్తే అదే బండి. గేరుబాక్సు లోపలికి పోవాలంటే బండిని రెండు ముక్కలు చేయాలి. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే డబ్బు లెక్కంతా దీని మీదే ఉంది. ఒక బేరింగు మార్చడానికి విప్పినా, పది బేరింగులు మార్చడానికి విప్పినా విడదీసే కూలి ఒకటే. అందుకని విరిగిన గేరు ఒక్కటి మార్చి మూసేయడం పొదుపు కాదు. మాకు తెలిసిన ఒక రైతుకు మూడో గేరు పళ్లు విరిగాయి. దాని జత గేరు అరిగి ఉన్నా "ఇంకా నడుస్తుందిలే" అని పాతదే ఉంచారు. కొత్త పళ్లు, పాత పళ్లు పొసగవు. ఒక్క కంది పంట తీసేసరికి రెండూ పోయాయి. కూలి రెండుసార్లు, ఆయిలు రెండుసార్లు, బండి ఆగిన రోజులు రెండుసార్లు. గేరు మారిస్తే జతగా మార్చాలి. క్రౌను, పినియను అయితే జతగానే అమ్ముతారు, విడిగా ఎవరైనా ఇస్తానంటే తీసుకోవద్దు. విప్పిన తర్వాత బేరింగులు, సీళ్లు, ప్యాకింగులు, అవసరమైతే క్లచ్చు ప్లేటు, అన్నీ ఒకే దెబ్బలో అయిపోవాలి.

గేరు పళ్లకు వెల్డింగు పెట్టి రుద్ది వేస్తామనే మేస్త్రులు ఇంకా ఉన్నారు. వాళ్ల చేతిపనిని తక్కువ చేయం, అవసరానికి బండిని ఇంటికి చేర్చిన మహానుభావులు వాళ్లు. కానీ గేరు పంటికి గట్టిదనమంతా పైపొరలోనే ఉంటుంది. కొలిమిలో పదును పెట్టిన ఆ పొర మందం ఒక మిల్లీమీటరు అటూఇటూ. అది పోయాక లోపలి ఇనుము మెత్తన. వెల్డింగు పెట్టిన పన్ను సీజను దాటదు.

మరి బాగు చేయించకుండా మార్చాల్సింది ఎప్పుడు? హౌసింగును చూసి చెప్పాలి. గేర్లు, బేరింగులు, షాఫ్టులు అన్నీ మారతాయి. వాటిని పట్టి ఉంచే పోత ఇనుప గూడు బాగుంటే ఆ బాక్సుకు ఆయుష్షు ఉన్నట్టే. బేరింగు కూర్చునే గుంట వదులైతే లేతులో బోరు చేసి బుష్షు దించవచ్చు, మంచి పనివాడు చేస్తే నిలుస్తుంది. బేరింగు కూర్చునే చోటే గూడు పగిలితే మాత్రం వెల్డింగు మీద ఆశ పెట్టుకోవద్దు. పోత ఇనుము అతుకు కొంతకాలం నిలిచినా కొలత నిలవదు, షాఫ్టు వంకర తిరుగుతుంది, కొత్తగా వేసిన గేర్లను కూడా తినేస్తుంది. అలాంటప్పుడు బాక్సు మార్చడమే దారి.

కొత్త అసెంబ్లీ ధర వింటే గుండె జారుతుంది కాబట్టి మనవాళ్లు విజయవాడ ఆటోనగరుకు పోతారు, పాత బాక్సు కోసం. పోవడంలో తప్పు లేదు. అక్కడ ట్రాక్టరు సామాను అంతా విడివిడిగా దొరుకుతుంది. పోయేముందు మన బండి మోడలు, తయారైన ఏడాది, పాత గేరు పళ్ల సంఖ్య, షాఫ్టు మీద గాడుల సంఖ్య రాసుకుని పోండి. ఒకే పేరుతో కంపెనీలు మధ్యలో బాక్సులు మార్చిన మోడళ్లున్నాయి. పైమూత తీయించి పళ్లు చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. బిల్లు లేకుండా తేవద్దు. ఎందుకంటారా? కొన్ని మోడళ్లలో చాసిస్ నంబరు ఈ హౌసింగుల మీదే కొట్టి ఉంటుంది. బిల్లు లేని హౌసింగు దొంగబండిది అయితే, రేపు పోలీసులు ఆపితే, ఆర్‌సీలో ఒక నంబరు బండి మీద ఇంకో నంబరు. రైతు నిర్దోషి అని నిరూపించుకోవడానికి ఎన్ని వాయిదాలు తిరగాలో మీకు తెలుసు. నంబరున్న భాగం మార్చాల్సి వస్తే రవాణా శాఖ ఆఫీసులో ముందే అడిగి, రాతపూర్వకంగా నమోదు చేయించుకోండి.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇది ఉదాహరణ మాత్రమే, ధరలు మీ మోడలును బట్టి వేసుకోండి. పాత బండి ఇచ్చేసి, చేతిలో ఉన్నది కట్టి, మిగతా 5 లక్షలు ఫైనాన్సు తీసుకున్నారనుకుందాం. వడ్డీ 12 శాతం, అయిదేళ్లు, ఆరు నెలలకో కంతు. కంతు దాదాపు 68 వేలు పడుతుంది. పది కంతులు కట్టేసరికి 6 లక్షల 79 వేలు. అందులో వడ్డీయే 1 లక్షా 79 వేలు. ఏడాదికి 1 లక్షా 36 వేలు కంతులకే పోవాలి. బండి ఏడాదికి 400 గంటలు తిరిగితే, ప్రతి గంటకూ 340 రూపాయలు కంతు కిందే పోతుంది. డీజిలు, డ్రైవరు, టైర్లు, ఇన్సూరెన్సు ఆ తర్వాత.

అదే బాక్సును పూర్తిగా బాగు చేయించడానికి 80 వేలు అయిందనుకోండి. ఎక్కువే వేశాం. అది ఇంకో అయిదేళ్లు నడిస్తే, అదే 400 గంటల లెక్కన, గంటకు 40 రూపాయలు. సరే, అయిదేళ్లు నడవదు, రెండేళ్లే నడిచిందనుకుందాం, అయినా గంటకు 100. ఇంజను పొగ తాగకుండా, హైడ్రాలిక్కు లేస్తూ, హౌసింగు పగలకుండా ఉంటే బాగు చేయించడమే మేలని మేము నిక్కచ్చిగా చెబుతాం. ఇంజనూ పోయి, లిఫ్టూ దిగిపోయి, బాక్సు గూడూ పగిలితే ఆ బండిని సామాను కింద అమ్మేయండి, దాని మీద ఇంకో రూపాయి పెట్టొద్దు.

ఇక్కడ మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. అయిదారెకరాల మెట్ట రైతు, బాడుగలకు పోని రైతు, పాత బండి పోతే కొత్త బండి కొనాల్సిన పని లేదు. అతని పొలంలో బండి ఏడాదికి 100 గంటలు తిరిగితే ఎక్కువ. పైన చెప్పిన కంతును 100 తో భాగించండి, గంటకు 1,360. మన దగ్గర బాడుగ ఎంతో మీకు తెలుసు, పక్కన పెట్టి చూసుకోండి. ఇంటి ముందు ట్రాక్టరు ఉంటే పరువు అంటారు. ఫైనాన్సు వాళ్లు వచ్చి తోలుకుపోయిన రోజు ఆ పరువు ఏమవుతుందో కూడా మనం చూశాం. నలుగురు అన్నదమ్ములు కలిసి ఒక బండి పెట్టుకోండి, లేదా బాడుగకు పిలవండి.

గ్రూపు బండ్ల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 2022లో యంత్ర సేవ పథకం కింద 40 శాతం రాయితీతో రైతు గ్రూపులకు ట్రాక్టర్లు ఇచ్చారు. ఆ బండ్లకు ఇప్పుడిప్పుడే క్లచ్చుల పని, గేర్ల పని వచ్చే కాలం. కొనేటప్పుడు ఫొటోలో అందరూ ఉన్నారు. బాగు చేయించేటప్పుడు ఎవరుంటారు? గ్రూపులో గంటకు ఇంత అని ముందునుంచే తీసి పక్కన పెట్టిన డబ్బు లేకపోతే ఆ బండ్లు ఒక్కరి పాలవుతాయి, లేదా తుప్పు పాలవుతాయి.

బాగు చేయించడానికైనా డబ్బు కావాలి కదా అంటారు. నిజమే. కిసాన్ క్రెడిట్ కార్డు గురించి మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇక్కడ చెబుతాం. కార్డు పరిమితి కట్టేటప్పుడు ఎకరానికి ఇంత అని పంటకు లెక్కగట్టిన మొత్తం మీద 20 శాతం వ్యవసాయ ఆస్తుల మరమ్మతులకు, నిర్వహణకు కలపాలని రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. ఇంటి ఖర్చులకు 10 శాతం వేరే. అంటే పంట కింద లక్షన్నర లెక్క వస్తే, మరమ్మతుల కింద 30 వేలు కలవాలి. ట్రాక్టరు వ్యవసాయ ఆస్తి కాకపోతే మరేమిటి? బ్యాంకులో ఫారం మీద సంతకం పెట్టేటప్పుడు "సార్, మరమ్మతుల 20 శాతం కలిపారా?" అని అడగండి. కలపలేదంటే ఎందుకు కలపలేదో కాగితం మీద రాసిమ్మనండి. సకాలంలో కట్టిన పంట రుణానికి పడే వడ్డీకి, ఫైనాన్సు కంపెనీ వడ్డీకి ఎంత తేడానో వేరే చెప్పక్కర్లేదు. పాసుపుస్తకం లేని కౌలు రైతుల్లో చాలామందికి ఇది కూడా అందదు. ఆ సంగతి సంఘం వేరుగా పోట్లాడుతోంది.

రెండోది పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఇది అందరికీ తెలుసు, ఎందుకంటే అమ్మేవాళ్లు ఫ్లెక్సీలు కట్టారు. అదే రోజు నుంచి ట్రాక్టరు గేరుబాక్సులు, వాటి విడిభాగాలు, క్లచ్చు అసెంబ్లీ, బ్రేకులు, రేడియేటరు, ట్రాన్స్‌మిషన్ హౌసింగు, ట్రాక్టరు టైర్ల మీద కూడా 18 నుంచి 5 కు తగ్గింది. దీనికి ఎవరూ ఫ్లెక్సీ కట్టలేదు. పన్ను కాక 40 వేల గేర్ల సామాను కొంటే పాత లెక్కన పన్ను 7,200, ఇప్పుడు 2,000. ఆ 5,200 మన జేబులో ఉండాలి. బిల్లు లేకుండా కొంటే అది ఎవరి జేబులో ఉందో తెలియదు. బేరింగులు, ఆయిలు లాంటివి వేరే పద్దులో పడతాయి, వాటి రేటు వేరుగా ఉండొచ్చు. బిల్లులో ఏ వస్తువుకు ఎంత వేశారో చదవండి.

బేరింగు మాట వచ్చింది కాబట్టి మన చదువుకున్న పిల్లలకు ఒక చిట్కా. బేరింగు అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది. 6308 అనుకోండి. చివరి రెండంకెలను 5 తో గుణిస్తే లోపలి రంధ్రం కొలత, 40 మిల్లీమీటర్లు. ప్రపంచమంతా చాలా బేరింగులకు ఇదే లెక్క. అదే నంబరు బేరింగు ట్రాక్టరు కంపెనీ డబ్బాలోనే కొనాలని రూలు లేదు, మంచి బేరింగుల దుకాణంలో పేరున్న తయారీదారుది బిల్లుతో తీసుకోవచ్చు. కంపెనీ ప్రత్యేకంగా చేయించుకున్నవి కొన్ని ఉంటాయి, వాటికి తప్పదు. నకిలీలు కూడా బజారులో నిండా ఉన్నాయి, సగం ధరకు వస్తుందంటే అనుమానించండి.

షెడ్డులో బండి పెట్టేటప్పుడు మూడు మాటలు ఖరాఖండిగా చెప్పండి. విప్పిన తర్వాత పిలవాలి, మేం చూశాకే సామాను తేవాలి. ఏం మారుస్తున్నారో, కూలి ఎంతో చీటీ మీద రాసివ్వాలి. తీసిన పాత సామాను అంతా గోనెసంచిలో వేసి మాకే ఇవ్వాలి. మంచి మేస్త్రికి ఇందులో కోపం రాదు. కోపం వచ్చినవాడి దగ్గర బండి పెట్టొద్దు. బండి ఇంకా వారంటీలో ఉంటే మాత్రం బయట నట్టు కూడా తిప్పనివ్వొద్దు. కంపెనీ సర్వీసుకే పంపి, ఇచ్చిన తేదీతో జాబు కార్డు తీసుకోండి. వాళ్లు నెలల తరబడి తిప్పితే ఆ కార్డే వినియోగదారుల కమిషనులో మన సాక్ష్యం.

కంపెనీల సంగతి కూడా ఒక మాట. పొలంలో బండికి ఇరవై ముప్పై ఏళ్ల ఆయుష్షు ఉంటుంది, కంపెనీకి ఉండాలని లేదు. ప్రభుత్వ రంగంలో హెచ్‌ఎంటీ 1971లో ట్రాక్టర్లు మొదలుపెట్టింది. పింజోరులోని ఆ ట్రాక్టరు విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. కంపెనీ తలుపు మూసుకుంది, బండ్లు ఇంకా పొలాల్లోనే ఉన్నాయి. పాత సామానుతో, బయటి తయారీదారుల సామానుతో, మేస్త్రుల చేతి చలవతో నడుస్తున్నాయి. ఇంకో పక్క కొత్తగా వచ్చే పెద్ద బండ్లలో కంప్యూటరు పెడుతున్నారు. 50 హార్స్‌పవరు దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి, ఆ ఇంజన్లను స్పానర్లతో మాత్రమే బాగు చేయలేరు, కంపెనీ సాఫ్ట్‌వేరు కావాలి. అమెరికాలో రైతులు ఇదే గొడవ మీద ఏళ్ల తరబడి పోట్లాడారు. కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది, వ్యవసాయ యంత్రాల తయారీదారు మాన్యువళ్లు, విడిభాగాలు, పరికరాలు, సాఫ్ట్‌వేరు రైతుకూ బయటి మెకానిక్‌కూ అందుబాటులో పెట్టాలని. మన దేశంలో వినియోగదారుల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. ఆ కమిటీ తీసుకున్న రంగాల్లో వ్యవసాయ పరికరాలు కూడా ఉన్నాయి. ఆ డిసెంబరులో ఒక పోర్టలు పెట్టారు. పోర్టలు చట్టం కాదు. విడిభాగాల ధరల పట్టిక డీలరు గోడ మీద ఉండాలి, మాన్యువలు తెలుగులో ఇవ్వాలి, మోడలు ఆపేసిన తర్వాత కూడా ఇన్నేళ్లు సామాను ఇస్తామని కంపెనీ రాసివ్వాలి. ఈ మూడూ చట్టంలో పెట్టాలన్నది మన సంఘం అడగాల్సిన కోరిక. ఈ తీర్మానాన్ని ఈ సభ ముందు పెడుతున్నాం.

ఇక మన చేతుల్లో ఉన్నది. కంది ఇంటికి వచ్చి, తొలకరికి ముందు బండి ఖాళీగా ఉండే నెలలు ఎండాకాలం నెలలే. అనుమానం ఉన్న బాక్సును అప్పుడు విప్పించాలి. అప్పుడు మేస్త్రికి తీరిక, మనకు తీరిక, గిద్దలూరులో, మార్కాపురంలో, నంద్యాలలో నాలుగు దుకాణాలు తిరిగి ధర అడిగే వ్యవధి ఉంటుంది. తొలకరి చినుకు పడ్డాక విప్పితే ఎదుటివాడు చెప్పిందే ధర.

అందుకని సంఘం ఆఫీసులో ఒక పుస్తకం పెడుతున్నాం. బండి మోడలు, కొన్న ఏడాది, బాక్సులో ఏం పోయింది, ఏ నంబరు సామాను వేశారు, ఎక్కడ కొన్నారు, ఎంతయింది, ఎన్నాళ్లు నడిచింది. మీ పేరు రాయనక్కర్లేదు, వివరాలు రాయించండి. యాభై బండ్ల లెక్క చేరిందంటే, ఏ మోడలుకు ఏది ముందు పోతుందో, ఎవరు ఎంత తీసుకుంటున్నారో మనకే తెలుస్తుంది. వచ్చే నెల సభకు అనుమానం ఉన్నవాళ్లు గేరుబాక్సు ఆయిలు ఒక గాజుసీసాలో పట్టుకుని రండి. సీసా మీద మోడలు రాయండి. ముప్పై ఏళ్లుగా బాక్సులు విప్పుతున్న మేస్త్రి ఒకాయన వచ్చి చూస్తానన్నారు. సీసా శుభ్రంగా కడిగి, ఆరబెట్టి తేవాలని మరీ మరీ చెప్పమన్నారు, తడి సీసాలో పడితే నీళ్లు బాక్సులోవో సీసాలోవో ఆయనకూ తెలియదట.